టేపక్క గెలిచిన వీధి

మెడలో టేపు లేకుండా ఎవరూ చూడలేదు కాబట్టి ఆ దర్జీని అందరూ టేపక్క అంటారు. ఇరవై రెండేళ్లుగా ఆమె పార్టీ వార్డు కార్యదర్శి కూడా. పార్టీ చిత్తుగా ఓడాక, మొన్నటిదాకా జేజేలు కొట్టినవాళ్లలో సగం మంది గోడ దూకేశారు. మిగిలినవాళ్లు ఆమె ఎదురైతే పక్క సందులోకి తప్పుకునేవారు. సైకిల్ షాపు మేడమీది ఆఫీసు గదిని ఆమే తెరిచేది, ఆమే ఊడ్చేది.

"ఆదివారం మీటింగుకి పదిమందైనా రాకపోతే ఆఫీసు మూసేద్దాం టేపక్కా. ఖాళీ కుర్చీలకి ఉపన్యాసాలెందుకు?" అన్నాడు వార్డు అధ్యక్షుడు. ఎన్నికలొస్తే తప్ప నిద్ర లేవని మనిషి ఆయన. టేపక్కకి ఒళ్లు మండింది.

గెలిచినా ఓడినా, కొత్త ఓటర్ల జాబితా రాగానే పెన్సిలు పట్టుకుని ప్రతి పేరూ సరిచూడటం ఆమెకు అలవాటు. ఈసారి వెనకవీధిలో నలభై ఒక్క పేర్లు గల్లంతయ్యాయి. ఇంటి నంబర్లు మారాయని తెలియక, అక్కడెవరూ లేరని అధికారులు కొట్టేశారు. అభ్యంతరాలకు శుక్రవారమే గడువు.

"అది ఎదుటి పార్టీ వీధి. పోతే పోనీ, మనకే లాభం," అన్నాడు అధ్యక్షుడు.

"ఇలాంటి లాభాలు చూసుకునే మునిగాం," అని ఆమె విసురుగా మెట్లు దిగింది.

వెనకవీధి మొదటింట్లో రిటైరైన బస్సు డ్రైవరు వెటకారంగా నవ్వాడు. "ఓడిపోయినా ఇంకా ఓట్ల కోసమేనా అమ్మాయ్?"

"నీ ఓటు నాకొద్దు బాబాయ్. నీ పేరే జాబితాలో లేదు, అది చూసుకో."

ఆయన నవ్వు ఆగిపోయింది. తన పార్టీవాళ్ల దగ్గరికి పరుగెత్తాడు. వాళ్లు "చూద్దాం లెండి" అన్నారు. మర్నాడు పొద్దున్నే టేపక్క గుమ్మంలో నిలబడ్డాడు.

మూడు రోజులు కుట్టుమిషను కదల్లేదు. టేపక్క నలభై ఒక్క ఫారాలు నింపి, అందరి చేతా సంతకాలు పెట్టించి, ఎన్నికల ఆఫీసుకి తీసుకెళ్లింది. గుమాస్తా సోమవారం రమ్మన్నాడు.

"గడువు ఇవాళే కదా? రసీదులిస్తేనే లేస్తా. లేదంటే కుర్చీతో సహా మోసుకెళ్లండి," అని బైఠాయించింది. సాయంత్రానికి నలభై ఒక్క రసీదులూ ఆమె చేతిలో ఉన్నాయి. ఇక ఆ పేర్లు జాబితాకెక్కకుండా ఎవరూ ఆపలేరు.

ఆదివారం అధ్యక్షుడు చావుకబురు మోసుకొచ్చినవాడిలా వచ్చాడు. వెనకవీధి జనంతో మెట్ల మీద కాలు పెట్టే చోటు లేదు. "వీళ్లంతా మనవాళ్లయిపోయారా?" అని గుసగుసలాడాడు.

డ్రైవరు విననే విన్నాడు. "అవలేదయ్యా. ఓటు మా ఇష్టం. కానీ పదిమంది రాకపోతే ఈ ఆఫీసు మూసేస్తారట. మూస్తే మాత్రం మా వీధి ఊరుకోదు. రేపు మావాళ్లే మమ్మల్ని పట్టించుకోకపోతే ఎవరి దగ్గరికి పోవాలి మేము?"

టేపక్క ఇంకో నాలుగు కుర్చీలు తెచ్చి వేసింది. ఆ వీధిలో తన పార్టీ గెలవడం ఆమె చూసింది అదే మొదటిసారి.