ఒడిలో కంప్యూటర్లు

ఇప్పుడు పాలు తాగే పిల్లలు కూడా ఫోను మీద వేలు పెట్టి తమకు కావలసిన బొమ్మ తెచ్చుకుంటున్నారు గానీ, మా గోదావరిఖని బడులకు కంప్యూటర్లు కొత్తగా దిగుతున్న ఆ కాలంలో వాటిని ముట్టుకోవాలంటే గుండెధైర్యం కావాలి. నాకు అది బొత్తిగా లేదు. లేకపోయినా నేను కంప్యూటర్ టీచర్ని. కోర్సు చేసినట్టు సర్టిఫికెట్టు ఉంది, ఉద్యోగం కోసం కొన్న గంజి చీరలు ఉన్నాయి, బడిలో అడుగు పెట్టిన రోజు నుంచీ వదలని వణుకు ఉంది. మా బాపు బొగ్గుబావిలో పనిచేసేవాడు. పొద్దున నా ముఖం చూసి, "భూమి కింద నాకు లేని భయం భూమి మీద నీకెందుకు బిడ్డా" అని నవ్వేవాడు. (ఆయనకేం, బావిలో మా పెద్దసారు ఉండడు కదా.)

పెద్దసారు అంటే మా హెడ్మాస్టరు. లెక్కల సారు కూడా ఆయనే. ఆయన ఎవరినీ తిట్టగా నేను వినలేదు, బెత్తం పట్టుకోగా చూడలేదు. ఎవరైనా ఎదురుగా నిలబడితే కళ్లద్దాలు తీసి, పంచె కొంగుతో నెమ్మదిగా తుడుచుకుంటూ, "ఏంది సంగతి" అనేవాడు. అంతే. దానికే ఇరవై ఏళ్ల సర్వీసున్న టీచర్లు కూడా తాము చేయని తప్పులు గుర్తు చేసుకునేవారు. ఇక నా సంగతి చెప్పాలా.

ఆ కంప్యూటర్లు హైదరాబాదులో ఎవరో దాతలు ఇచ్చినవి. అప్పటికే ఒక ఊరి నీళ్లు తాగి వచ్చిన పాతవి, పాత టీవీల్లా వెనక ఇంత పొట్ట ఉండేది. పెద్దసారు వాటికి ఒక గది ఇచ్చాడు. బొగ్గు దుమ్ము రాకుండా కిటికీలకు తెరలు, గుమ్మానికి పసుపు, చెప్పులు బయట, తాళంచెవి ఆయన మొలతాడుకు. పొద్దటి పీరియడ్లన్నీ లెక్కలకూ సైన్సుకూ ఇంగ్లీషుకూ పంచేశాక, మిగిలిన మధ్యాహ్నం పీరియడు కంప్యూటరుకు దక్కింది. అసలు కష్టం అక్కడే వచ్చింది.

మా బడికి రోడ్డవతల, నేలను పైనుంచే తవ్వి బొగ్గు తీసే ఓపెన్‌కాస్ట్ గని. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక సైరన్ మోగేది, ఆ తర్వాత కాసేపటికి మందుపెట్టి రాళ్లు పేల్చే బ్లాస్టింగు. నేల ఒక్కసారి ఉలిక్కిపడేది. సైరన్ వినగానే ఇళ్లలో ఆడవాళ్లు మాట ఆపకుండానే లేచి, సజ్జ మీది గిన్నెలకు చేయి అడ్డం పెట్టి నిలబడేవారు. అది మాకు అలవాటే. అయితే ఒకరోజు బ్లాస్టింగుకు బడి గోడ గడియారం ఊడి పడింది. పెద్దసారు పగిలిన గడియారాన్ని చూశాడు, కంప్యూటర్లను చూశాడు, కళ్లద్దాలు తీశాడు.

"గడియారం పడ్డది సరే. గివి పడితె హైదరాబాదోళ్లకు ఏం మొఖం చూపియ్యాలె బిడ్డా" అన్నాడు. ఆ సాయంత్రమే కొత్త పద్ధతి పెట్టాడు. సైరన్ మోగగానే పిల్లలు కంప్యూటర్లన్నీ పద్ధతిగా ఆపాలి, వైర్లు పీకాలి, మానిటర్లు దించి ఒక్కొక్కటి ఒడిలో పెట్టుకుని నేల మీద కూర్చోవాలి, బ్లాస్టింగు అయ్యాక మళ్లీ ఎక్కించాలి. మా అమ్మలు గిన్నెలు పట్టుకున్నట్టే. ఆయనే దగ్గరుండి పిల్లలకు తర్ఫీదు ఇచ్చాడు. (పిల్లలు చంటి తమ్ముళ్లను ఒళ్లో వేసుకున్నట్టు మానిటర్లను జోకొడుతుంటే నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు.)

ఇక పాఠం ఎక్కడిది? పిల్లలు చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, వరుసలో వచ్చి కూర్చుని స్విచ్చి వేస్తే, ఆ ముసలి కంప్యూటర్లు మూలుగుతూ లేవడానికే సగం పీరియడు పట్టేది. నేను నోరు తెరిచి "పిల్లలూ" అనేలోపు సైరన్. దసరా దగ్గరికి వచ్చేసరికి మా పిల్లలకు కంప్యూటర్ ఆపడం, పీకడం, ఎత్తుకోవడం కళ్లు మూసుకుని చేసేంత బాగా వచ్చింది. ఇంకేమీ రాలేదు.

ఈ మాట పెద్దసారుకు చెప్పాలని ఎన్నిసార్లు వెళ్లానో. గుమ్మంలో నిలబడేదాన్ని. ఆయన తలెత్తి, "ఏంది సంగతి" అనేవాడు. నేను "ఏం లేదు సార్, సుద్దముక్కలు కావాలె" అనేదాన్ని. కంప్యూటర్ గదిలో నల్లబల్లే లేదు. అయినా ఆయన ఇచ్చేవాడు, నేను తెచ్చుకునేదాన్ని.

అంతలో పిడుగులాంటి కబురు వచ్చింది. దాతల తరఫున హైదరాబాదు నుంచి ఒక సారు వచ్చి, పిల్లలు ఏం నేర్చుకున్నారో చూస్తాడట. పెద్దసారు నన్ను పిలిచి, "వాళ్లకు నచ్చకపోతే కంప్యూటర్లు వాపసు తీస్కపోతరు బిడ్డా. అవి పోతె నీ నౌకరి నేను నిలబెట్టలేను" అన్నాడు. ఎప్పటిలాగే నెమ్మదిగానే అన్నాడు. నా మొదటి జీతంతో బాపుకు కొన్న చెప్పులు ఇంకా కొత్త వాసన కూడా వదల్లేదు.

ఆ సారు పొద్దున్నే రావలసింది. బసంత్‌నగర్ దగ్గర సిమెంటు లారీల వెనక ఇరుక్కుని మధ్యాహ్నం దిగాడు. తెల్ల చొక్కా, నవ్వు ముఖం, మంచివాడే. అందుకే ఇంకా భయం వేసింది. ముందు బెంచీలో, రెండు జడలకూ పెద్ద రిబ్బన్లు కట్టుకునే పిల్ల ఉంది. ఏడో తరగతి, మా గదిలో అందరికంటే చురుకైంది. ఆమె కంప్యూటరే అందరికంటే ముందు లేచింది. ఆయన దాని పక్కన నిలబడి, "ఏదీ అమ్మా, నీకు బాగా వచ్చిన పని ఒకటి చేసి చూపించు" అన్నాడు.

ఆ పిల్ల నా వైపు చూసింది. నేను తల ఊపానో, వణికిందే ఊపినట్టు కనిపించిందో చెప్పలేను. చకచకా నొక్కి కంప్యూటరు ఆపేసింది.

"బాగుంది. ఇంకో పని?"

"గిది వైరు పీకుడు సార్" అంటూ పీకేసింది.

ఆయన నవ్వు సగంలో ఆగింది. గోడవారగా నిలబడిన పెద్దసారు కళ్లద్దాలు తీశాడు. నా పని అయిపోయిందని అనుకునేలోపే సైరన్ మోగింది. ఇక చెప్పేదేముంది, గది నిండా టకటకా ఆగిపోవడాలు, పీకేయడాలు. అరనిమిషంలో పిల్లలంతా మానిటర్లను ఒడిలో పెట్టుకుని నేల మీద బాసింపట్లు వేసుకున్నారు. ఆ సారు ఒక్కడే నిలువునా నిలబడి ఉన్నాడు, పాపం. రిబ్బన్ల పిల్ల ఆయన చేయి పట్టి కింద కూర్చోబెట్టి, ఆ రోజు బడికి రాని పిల్లవాడి మానిటరు తెచ్చి ఒళ్లో పెట్టింది. "గట్టిగ పట్టుకోండ్రి సార్, పడిపోతది" అంది.

నేల అదిరింది. కిటికీలు గడగడలాడాయి, పైనుంచి సున్నం రాలింది. హైదరాబాదు సారు కళ్లు గట్టిగా మూసుకుని మానిటరును కరుచుకుపోయాడు. చప్పుడు తగ్గాక లేవబోతే, "ఇంకోటి ఉన్నది సార్, లేవకుండ్రి" అంది పిల్ల. నిజంగానే ఇంకోటి పేలింది.

అంతా సద్దుమణిగాక ఆయన నేల మీద నుంచే అడిగాడు. "ఇది రోజూ జరుగుతుందా?"

"ఆదివారం ఉండది సార్" అన్నారు పిల్లలు.

"మరి ఈ వేళకు కంప్యూటర్ పాఠం పెట్టిందెవరు?"

పీరియడు నాది, పాఠం నాది, అందరిలో చిన్నదాన్ని నేను. పెద్దసారు ఇప్పుడు నన్ను చూపిస్తాడు, రేపటి నుంచి ఇంట్లో కూర్చోవాలి అనుకున్నాను. కళ్లలో నీళ్లు వచ్చేశాయి.

"నేనే పెట్టిన సార్" అన్నాడు పెద్దసారు. కళ్లద్దాలు చేతిలోనే ఉన్నాయి, తుడవడం లేదు. "పొద్దటి పీరియడు ఇయ్యబుద్ధి కాలేదు. నాకు గీ మిషన్లంటె భయం. పిల్లలు ముట్టుకుంటె ఖరాబైతయని భయం. నాకు రాదని పిల్లలకు తెలుస్తదని ఇంకా భయం. ఈ బిడ్డ తప్పు ఏం లేదు. నాకు చెప్పనీకి వచ్చి, చెప్పలేక సుద్దముక్కలు పట్టుకపోయేది. నాకు తెలుసు. తెలిసీ ఇచ్చి పంపిన."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. హైదరాబాదు సారు మానిటరును జాగ్రత్తగా పిల్లకు అందించి, తల మీద సున్నం దులుపుకుని లేచాడు. "పాఠం పొద్దునకు మార్చండి. సంక్రాంతి సెలవులయ్యాక మళ్లీ వస్తాను. అప్పటికి ఈ అమ్మాయి తన పేరు టైపు చేసి చూపించాలి. ఈ టీచరే చెప్పాలి" అన్నాడు. అలా నా నౌకరి నిలబడింది.

మర్నాడు పెద్దసారు తన లెక్కల మొదటి పీరియడు నాకు ఇచ్చేశాడు. ఇచ్చి ఊరుకోలేదు. చెప్పులు బయట విడిచి, కాళ్లు కడుక్కుని వచ్చి, రిబ్బన్ల పిల్ల పక్కన చిన్న స్టూలు మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. నేను "ఎక్కడి నుంచి మొదలు పెట్టమంటారు సార్" అన్నాను.

"ముందు ఎట్ల ఆపాలె చెప్పు బిడ్డా. ఆపుడు తెలిస్తె ధైర్యంగ నడిపిస్త."

"అది నేను చెప్త సార్" అంది పక్కనున్న పిల్ల.

ఆయన వేలు మీటల మీద వణకడం అప్పుడు చూశాను. పెద్దవాళ్లకు భయం ఉండదని, వయసుతోపాటు అదీ రాలిపోతుందని గట్టిగా నమ్మిన పిల్లను నేను. ఇప్పుడు దాదాపు ఆయన వయసుకు వచ్చాను, ఒక బడికి పెద్ద మేడాన్ని. నేనంటే మా టీచర్లకు హడలని ఈ మధ్యే తెలిసి, ఒక్కదాన్నే కూర్చుని చాలాసేపు నవ్వుకున్నాను. పిల్లల హాజరు ఫోనులో ఎక్కించమని పైనుంచి ఆర్డరు వచ్చిన రోజు, గది తలుపు దగ్గరకు వేసుకుని కూర్చుంటే నాకు పట్టిన చెమటలు వాళ్లు చూడలేదు పాపం.