సంత రోజు నీటిమట్టం

రిటైరవడానికి మూడేళ్ల ముందు, వికారాబాద్ కొత్తగా జిల్లా అయిన రోజుల్లో, నన్ను అక్కడ అసిస్టెంట్ హైడ్రాలజిస్ట్‌గా వేశారు. భూమిలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో నెలనెలా కొలవడం మా పని. అందుకు కొన్ని బావులను పరిశీలన బావులుగా ఎంచుకుంటాం. ఇనుప టేపు చివర సుద్ద పూసి లోపలికి వదిలి, సుద్ద ఎక్కడిదాకా తడిసిందో చూసి మట్టం రాసుకుంటాం. ఇంతోటి దానికి ఎమ్మెస్సీ చదివాను.

పనిలో పనిగా ఉపన్యాసాలు కూడా ఇచ్చేవాణ్ణి. అనంతగిరికి వచ్చే బడిపిల్లలను మూసీ పుట్టే చోట నిలబెట్టి, భూమి అంతా కలిసి ఒకే ప్రాణి అనీ, గాలీ నీరూ రాయీ నాచూ ఒకదాన్నొకటి కనిపెట్టుకుని బతుకుతాయనీ చెప్పేవాణ్ణి. పిల్లలు పులిహోర పొట్లాల వైపు చూసేవాళ్లు.

బషీరాబాద్ వైపు నా పరిశీలన బావుల్లో ఒకటి ఈరమ్మ అనే గొర్రెల కాపరిది. రెండు పొలాల అవతల నాపరాయి గని. ఇంకా లోతుకు తవ్వడానికి గని యజమాని అనుమతి అడిగాడు. బావి ఎండిపోతోందనీ, మంద అమ్ముకుని కూలికి పోవాల్సి వస్తుందనీ ఈరమ్మ అర్జీ పెట్టింది. నివేదిక నేను రాయాలి. నా ఎనిమిది నెలల కొలతల్లో నీళ్లు నిక్షేపంగా ఉన్నాయి. గని సర్వే నంబరు వేరు, బావి సర్వే నంబరు వేరు, సంబంధం లేదని చిత్తుప్రతి రాసుకుని ఆమె దగ్గరికి వెళ్లాను. టేపు వదిలితే సుద్ద తడిసింది. అది చూపించి, గని ఎక్కడ, నీ బావి ఎక్కడ అని పెద్దరికంగా అడిగాను.

“గొర్రె గిట్టల ముల్లిరిగితే మేత మానేది నోరు. గిట్టేడ, నోరేడ సారూ?” అంది. తర్వాత నా చేతి సంచీ చూసింది. “ఎప్పుడొచ్చినా సంత నాడే వస్తవు. సంత నాడు గని బందు, మోటర్లు బందు. బాయిల నీళ్లూరుతయ్. వేరే నాడు రా.”

సంచీలో కందిపప్పు ఉంది. ఆ సంతలో దొరికే తాండూరు కంది కోసమే ఎనిమిది నెలలుగా ఆ ఊరి పని సంత రోజుకు పెట్టుకుంటున్నాను. గనిలో ఊరే నీటిని మిగతా రోజుల్లో మోటార్లు తోడేస్తాయని నాకు తెలియక కాదు. భూమిలో నీళ్లు పారే రాతి పగుళ్లకు సర్వే నంబర్లు ఉండవని పిల్లలకు చెప్పిందీ నేనే. సిగ్గేసింది.

రెండు రోజులాగి మధ్యాహ్నం వెళ్లాను. అవతల మోటార్లు మోగుతున్నాయి. టేపు అడుగు తాకింది, సుద్ద పొడిగానే పైకి వచ్చింది. ఖాళీ తొట్టి దగ్గర గొర్రెలు నన్ను బడిపిల్లల కంటే శ్రద్ధగా చూశాయి. వారం పాటు రోజూ కొలిచి, పాత కొలతలు ఎందుకు చెల్లవో కందిపప్పుతో సహా రాసి పంపాను. పప్పు మాట కొట్టేయమని పై అధికారి అన్నాడు. కారణం చెప్పకుండా తప్పు ఒప్పుకుంటే ఎవరూ నమ్మరని ఉంచేశాను. నాకు మెమో వచ్చింది. గనికి అనుమతి రాలేదు. ఈరమ్మ మంద నిలిచింది.

భూమి ఒకే ప్రాణి అని ఎవరైనా చెప్పగలరు, నేను మైకులో కూడా చెప్పాను. కానీ నాడి పట్టుకున్నవాడు ఏ రోజు పట్టుకున్నాడో, ఆ రోజే అక్కడికి ఎందుకు వచ్చాడో కూడా రాయాలి.