వైపర్ వేయమన్న పాపానికి

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెంలోని మా బడికి ముగ్గురం ఒకే కారులో వెళ్లివచ్చేవాళ్లం. కారు లెక్కల మాస్టారిది. వెనక సీట్లో నేనూ, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ హిందీ టీచరమ్మా.

ఆ ఏడు వేసవి సెలవుల తర్వాత మాస్టారి పద్ధతి మారింది. ఏసీ మాట అటుంచి, ఫ్యాను కూడా వేయనిచ్చేవారు కాదు. హారన్ కొట్టడానికీ వెనకాడేవారు. స్టీరింగు వెనక బ్యాటరీ బొమ్మ ఎర్రగా వెలుగుతూనే ఉండేది. అదేమిటని అడిగితే, పాత బండి కదండీ, అలాగే ఉంటుందన్నారు. నమ్మాం.

ఒక సాయంత్రం తిరిగొస్తుంటే భీమడోలు దాటాక వాన పట్టుకుంది. అద్దంలోంచి రోడ్డు కనబడటం లేదు. ఆయన మాత్రం మెడ ముందుకు చాచి అలాగే నడుపుతున్నారు. వైపర్, లైట్లు వేయమని నేనే గట్టిగా అడిగాను. ఇష్టం లేకుండానే వేశారు. దెందులూరు దగ్గరికొచ్చేసరికి వైపర్ ఈడ్చుకుంటూ కదిలి అద్దం మధ్యలో నిలిచిపోయింది. లైట్లు మసకబారి ఆరిపోయాయి. హైవే నడిమధ్యన ఇంజన్ ఆగింది.

వెనక నుంచి చేపల లారీ ఒకటి చివరి క్షణంలో పక్కకు తప్పుకుని దూసుకుపోయింది. కారు మొత్తం ఊగింది. హిందీ టీచరమ్మ కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. కిందికి దిగాం. ఆవిడ వచ్చే బళ్ల వైపు ఫోన్ లైటు ఊపుతుంటే, నేనూ మాస్టారూ వానలో తడుస్తూ కారును రోడ్డు వారకు నెట్టాం.

అప్పుడు చెప్పారాయన, తాపీగా.

"బ్యాటరీ అయిపోయిందండీ. బండి నడుస్తుంటే బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ ఉంటుందే, దాన్ని నేనే తీయించేశాను. అది ఇంజన్ మీద భారమండీ, పెట్రోలు తాగేస్తుంది. ఇంటి దగ్గర చార్జింగ్ పెట్టుకుంటే సరిపోతోంది. ఇవాళ మీరు వైపర్ వేయించకపోతే ఏలూరు వెళ్లిపోయేవాళ్లం."

నాకు ఒళ్లు మండిపోయింది. కారు ఆయనది, నిజమే. అందులో కూర్చున్న మా ప్రాణాలు కూడా ఆయనవేనా? ఒక్క ముక్క ముందే చెబితే మేం ఎక్కేవాళ్లమా?

"వానలో వైపర్ వేయమనడం నా తప్పా అండీ?" అన్నాను. ఆయన బానెట్ ఎత్తి, వినబడనట్టు లోపలికి చూస్తూ నిలబడ్డారు.

మేమిద్దరం ఆటో పట్టుకుని ఇల్లు చేరాం. మర్నాటి నుంచి రైల్లో వెళ్లడం మొదలుపెట్టాం. స్టాఫ్ రూములో మాత్రం ఆయన, ఆడవాళ్లు కంగారుపడి లైట్లన్నీ వేయించేశారని చెప్పుకుంటున్నారట.

కొన్నాళ్లకు ఆయనే నా దగ్గరికొచ్చి, ఆల్టర్నేటర్ మళ్లీ బిగించానని, ఇక కారులో రావచ్చని చెప్పారు. తప్పు తెలిసొచ్చిందేమో అనుకున్నాను.

"సెలవుల్లో మా ఆవిడనీ పిల్లల్నీ తీసుకుని ఊరెళ్లాలండీ. పిల్లలుంటారు కదా, రిస్కెందుకని పెట్టించేశాను."

శుభవార్త చెబుతున్నట్టే ఉంది ఆయన ముఖం. నేను క్లాసుకు వెళ్లిపోయాను. హిందీ టీచరమ్మకు ఈ సంగతి చెప్పాను. "మనం మనుషులం కామా అమ్మా?" అంది.