ఎసహెల్‌కి బదులు వెళ్లినవాడు

ముప్పయ్యేళ్లపాటు ఆర్డిస్ టటిల్ తన చేత్తో ఆ సమాధి మీద జెండా పెట్టింది. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

అమెరికాలో న్యూ హాంప్‌షైర్ కొండల్లో మాది చిన్న ఊరు, నార్త్‌ఫోల్డ్. ఆర్డిస్ మా బడిలో వంటమనిషి. ఏటా మే నెలాఖరున సైనికుల సమాధుల మీద చిన్న జెండాలు గుచ్చుతాం. కొండ మీది పాత శ్మశానం ఆర్డిస్ వంతు. బురదలో మోకాళ్లూని, నాచు గీకి, వొరిగిన రాయిని ఎత్తి నిలబెట్టి మరీ గుచ్చేది. ఇంగ్లీషువాళ్ల మీద స్వాతంత్ర్యం కోసం పోరాడినవాడని అక్కడ ఒక్కడికే జెండా. వాడు ఎసహెల్ పీస్లీ. ఆర్డిస్ ముత్తాతకు ముత్తాత ఎలిఫలెట్ టటిల్ గోడవారన పలకరాయి కింద పడుకున్నాడు. ఆయన పేరు ఊరి జాబితాలో లేదు, అందుకని జెండా లేదు.

"మన తాత కూడా యుద్ధానికి వెళ్లాడు" అని మాత్రం టటిళ్లు తరతరాలుగా చెప్పుకునేవాళ్లు. వింటే జనం నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను, ఎందుకు దాచాలి.

మోకాలి ఆపరేషనై ఉద్యోగం మానేశాక ఆర్డిస్ వెతకడం మొదలుపెట్టింది. కారు తోలేది ఆమె నేస్తాన్ని, నేను. పింఛను అందుకున్న సైనికుల పుస్తకాలన్నీ తిరగేశాం, ఎలిఫలెట్ లేడు. చివరికి లైబ్రరీలో ఓ ముసలాయన, "పింఛను దక్కనివాళ్ల కట్ట చూశారా?" అన్నాడు. నిజమే, తోసేసిన అర్జీలు ఎవరు చూస్తారు?

అందులో ఉంది. 1832లో, డెబ్బయ్యేడేళ్ల వయసులో, ఎలిఫలెట్ జడ్జి ముందు నిలబడి చెప్పి రాయించిన కాగితం.

"ఎసహెల్ పీస్లీకి బదులుగా, అతని పేరు మీద, తొమ్మిది నెలలు సైన్యంలో ఉన్నాను. చలికాలం బూట్లు లేక ఎడమకాలి వేళ్లు రెండు పోయాయి. నాకు సాక్షి ఎసహెలే. రమ్మని అడిగాను. రాలేదు."

సంతకం రాదు కాబట్టి కింద ఇంటూ గుర్తు. దాని కింద గుమాస్తా గీసిన ముక్క: ఈ పేరు హాజరు పట్టీలో లేదు.

ఆ రోజుల్లో సైన్యానికి పిలుపొచ్చినవాడు తనకి బదులు ఇంకొకణ్ణి పంపొచ్చు. అది తప్పు కాదు. కానీ సాక్ష్యం చెప్పడానికి ఎసహెల్ ఎందుకు రాలేదో తెలుసా? అదే ఏడాది, అదే తొమ్మిది నెలలకి, తనే పింఛను రాయించుకున్నాడు! ఆ కాగితమూ చూశాం.

ఇంటికొచ్చాం. కారు దిగుతూ ఆర్డిస్ అడిగింది. "ఒసే డెల్లా, ఇన్నేళ్లూ నేనెవడి రాయి తోమానే?"

ఊరి మధ్య పచ్చికలో యుద్ధ వీరుల పేర్లతో కొత్త కంచు పలక పెట్టాలని అప్పుడే అనుకుంటున్నారు. దానికోసం వేసిన కమిటీకి పెద్ద లొరేన్ పీస్లీ, ఎసహెల్ వంశమే. ఆర్డిస్ కాగితం పట్టుకుని ఆవిడ దగ్గరికెళ్లింది.

"ముసలితనంలో ఏవేవో చెబుతారు, పాపం," అంది లొరేన్. "మేం జాబితాలో ఉన్న పేరే వేస్తాం."

"కాలివేళ్లు కూడా ముసలితనంలోనే ఊడాయా, లొరేనమ్మా?"

లొరేన్ తలుపు మూసేసింది.

మార్చిలో ఊరి సభ. ఇక్కడ ఏ పనైనా జనమంతా కూర్చుని, చేతులెత్తి తేల్చాల్సిందే. పలక సంగతి రాగానే ఆర్డిస్ లేచింది. హాలు వంటింట్లో, సభ భోజనానికి పెట్టిన బీన్సు కుండలు చూసి నేరుగా వచ్చింది, ఏప్రనైనా విప్పలేదు. ఎలిఫలెట్ మాటలు మొదటినుంచి చివరిదాకా చదివింది.

వెనకనుంచి పాలవ్యాపారం మెర్ల్ అరిచాడు. "పీస్లీలు తమ పనికి ఇంకొకణ్ణి పంపడం అప్పుడే మొదలెట్టారన్నమాట!"

హాలంతా ఘొల్లుమంది. లొరేన్ మొహం కందగడ్డయింది.

సభ నడిపే వెండెల్ బల్ల చరిచాడు. "గొడవెందుకమ్మా ఆర్డిస్? రెండు పేర్లూ వేద్దాం."

"ఒకడు మంచులో, ఒకడు ఇంట్లో పొయ్యి ముందు. ఇద్దరూ ఒకటేనా వెండెల్?"

ఓటు పెట్టారు. రెండు పేర్లకే చేతులు లేచాయి. ఎసహెల్ పైన, ఎలిఫలెట్ కింద. రెండొందల యేళ్లకి మా ఊరు చెప్పిన న్యాయం ఇదీ! ఆర్డిస్ గిర్రున తిరిగి వంటింట్లోకెళ్లి అందరికీ బీన్సు వడ్డించింది. లొరేన్‌కి కూడా. నేనైతే కుండ ఇంటికి పట్టుకుపోయేదాన్ని.

మే వచ్చింది. ఆర్డిస్ ఒక జెండా కవర్లో పెట్టి లొరేన్‌కి పంపింది. 'మీవాడిది మీరే పెట్టుకోండి' అని చీటీ.

ఆ పొద్దున మేం ఎలిఫలెట్ రాయి దగ్గర ఉన్నాం. ఆర్డిస్ ఆయనకి మొదటి జెండా గుచ్చింది. చుట్టూ మట్టిని అరచేత్తో గట్టిగా నొక్కింది. అప్పుడే తెల్ల బూట్లతో లొరేన్ వచ్చింది. జెండా పట్టుకుని ఒక వరస తిరిగింది, ఇంకో వరస తిరిగింది. మళ్లీ మొదటి వరసకొచ్చి ఆగింది.

"ఆర్డిస్," అంది చివరికి, చాలా నెమ్మదిగా. "మావాడిది... ఎక్కడ?"

ఆర్డిస్ నాచు గీకే కత్తి ఆవిడ చేతికిచ్చింది.

"మూడో వరస. బోర్లా పడింది చూడు, అదే. ముందు రాయి లేపుకోవాలి. ఈ ఏడు నేను లేపలేదు."