రికార్డు తిప్పడానికి లేచేదెవరు

పెద్దనాయన పోయినాడని పెద్దమ్మ కారమడై నుంచి ఫోన్ చేసినప్పుడు నేను దిండిగల్‌లో కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో స్టాప్‌వాచీలు సర్దుతున్నాను. "పొద్దున కాఫీ తాగినాడు కన్ను. గ్లాసు కింద పెట్టలేదు, అంతే," అంది. ఆ ఇంట్లో నా ముద్దుపేరు కన్ను. బస్సులో ఖాళీ సీట్లున్నా పళని దాకా నిలబడే ఉన్నాను.

ఆయన కోయంబత్తూరులో మోటార్లకు వైండింగ్ చేసి బతికిన మనిషి. ఇంటికొస్తే రికార్డులే లోకం. చెక్కపెట్టెలో, రబ్బరు బెల్టుతో తిరిగే పాత టర్న్‌టేబుల్ ఆయనది. ఆ బెల్టును చొక్కాతో తుడిచి పెద్దమ్మ చేత తిట్లు తినేవాడు. మంచి మిషన్ ఏదో ఎట్లా తెలుస్తుందని చిన్నప్పుడు అడిగాను. "ఒక పక్క పాట అయిపోతాది కదా. రికార్డు తిప్పేదానికి ఎవరూ చెప్పకుండా లేస్తివా, అది మంచి మిషన్. లేవలేదా, ఎంత గొప్పదైనా వద్దు," అన్నాడు. మీలో ఎవరైనా టర్న్‌టేబుల్ కొనే ఆలోచనలో ఉంటే ఈ పరీక్ష వాడుకోండి, ఆయన సంతోషిస్తాడు.

నాకేమో కొలతల పిచ్చి. పోయిన ఏడాది ఆ టర్న్‌టేబుల్ పళ్లెం మీద ఫోన్ పెట్టి వేగం చూశాను. కాస్త మెల్లగా తిరుగుతోంది. "ఇన్ని నాళ్లూ తప్పు శ్రుతిలో విన్నారు పెద్దనాయనా," అన్నాను, ఏదో కనిపెట్టినదానిలా. ఆయన నవ్వాడు. "అట్లనా కన్ను? నాకు తెలియనే లేదు." వెంటపడి, బెల్టు లేకుండా మోటారే నేరుగా తిప్పే కొత్తది కొనిపించాను.

పదహారో రోజు కర్మ అయి చుట్టాలు వెళ్లాక పెద్దమ్మ రెండు మిషన్లూ చూపించింది. "నాకు రెండెందుకు? ఒకటి నువ్వు ఎత్తుకొని పో." మునగాకు దూస్తూ ఇంకో మాట కూడా అంది. "కొత్తది వచ్చినాంక ఆయన ఒక పక్కే వింటా ఉండె. తర్వాత పేపర్ చదివేదానికి పోతా ఉండె."

ఆయన చివరి ఏడాది పాటను నేనే పాడుచేశానా? అడుగుదామంటే ఆయన లేడు. వాకిట్లోకీ వంటింట్లోకీ ఊరికే తిరిగాను. "సుమ్మా ఊరికే కూర్చో కన్ను, కాళ్లు నొస్తాయి," అంది పెద్దమ్మ.

కూర్చోలేక, ఆయనకిష్టమైన వీణ రికార్డును ముందు కొత్తదాని మీద పెట్టాను. ప్రతి మీటూ విడివిడిగా, శుభ్రంగా వినిపించింది. ఒక పక్క అయిపోయింది. పెద్దమ్మ తల ఎత్తలేదు. నేను ఫోన్ చూసుకుంటున్నాను.

అదే పక్కను పాతదాని మీద పెట్టాను. వీణ శ్రుతి వెంట్రుకంత కిందికి దిగింది. అడుగున మోటారు సన్నగా గుర్రుమంటోంది. ఆకు దూసే చేయి మెల్లబడింది. నా పాదం నేల మీద తాళం వేస్తోందని కాసేపటికి గానీ నాకే తెలియలేదు.

పాట అయిపోయి ముల్లు చివరి గీతలో తిరుగుతోంది. నేను లేచేలోపే పెద్దమ్మ లేచింది. ఇన్నేళ్లలో ఆమె ఆ మిషన్ ముట్టుకోగా నేను చూడలేదు. పాల మీద మీగడ తీసినట్టు ముల్లు పైకెత్తి, రికార్డు తిప్పి పెట్టింది.

సాయంత్రం బస్సులో కొత్త మిషన్ నా ఒళ్లో ఉంది. నేను కొనిపించినది నేనే తెచ్చుకున్నాను. పాతది అక్కడే తిరుగుతోంది, కాస్త మెల్లగా, రికార్డు నడిమి కాగితం మీద మునగాకు పచ్చగా అంటిన పెద్దమ్మ బొటనవేలి గుర్తుతో.