గైగర్ కౌంటరూ, కొత్తపేట మేంటిలూ

మొన్న మావారి పేరున ఇంకో పార్సిలు వచ్చింది. చూడగానే నాకు నీరసం వచ్చేసింది. మళ్లీ ఎన్నాళ్లు భోజనాల బల్ల మీద టంకం తీగలు పరుచుకుంటాయో అనుకుంటూ కుర్చీలో కూలబడ్డాను. ఆయన టెలిఫోను ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరయ్యారు. అమలాపురంలో ఆ వయసువాళ్లు పొద్దున్నే నడకకి వెళ్తారు, సాయంత్రం పేపర్లో చదివిందే మళ్లీ ఒకరికొకరు చెప్పుకుంటారు. ఈయన మాత్రం రెండేళ్ల కిందటి వానాకాలంలో గైగర్ కౌంటరు తయారుచేశారు.

అదేమిటని అడగడం నాదే తప్పు. కంటికి కనపడని రేడియేషన్ తగిలినప్పుడల్లా టిక్కుమనే పెట్టెట. పెన్సిలంత గొట్టం ఒకటి తెప్పించారు. దానికి నాలుగు వందల వోల్టులు కావాలిట. చిన్న బ్యాటరీ నుంచి అంత పుట్టించబోయి రెండుసార్లు షాకు తిని, "కంగారు పడకు, ఇది చంపే షాకు కాదు" అని నాకే ధైర్యం చెప్పారు. ఆ సరంజామా అంతా పెట్టడానికి నా అటుకుల డబ్బాయే దొరికింది. తీరా అంతా అయ్యాక అది నిమిషానికి ఏ పదిహేనుసార్లో టిక్కుమనేది. పనిచేస్తోంది కదండీ అంటే, "మామూలుగా చుట్టూ ఉండేదే అంత ఉంటుంది. ఇది నిజంగా దాన్ని పట్టుకుంటోందా, టంకం సరిగ్గా అంటక టిక్కుమంటోందా? గట్టిగా రేడియేషన్ ఉన్నదేదైనా దగ్గర పెడితేగాని తేలదు" అన్నారు. అలాంటిది ఇంట్లోకి తేవడమేమిటని మొత్తుకున్నాను. పాతకాలపు గ్యాసులైట్లలో తెల్లగా వెలిగే గుడ్డజాలీ, మేంటిల్ అంటారే, దానికి రేడియేషన్ ఉన్న థోరియం అనే పదార్థం పట్టించేవారట. ఇప్పుడు పట్టించరట. రావులపాలెం, మండపేట బజార్లు తిరిగి తెచ్చినవి ఒక్కటీ పనికిరాలేదు. ఆ దిగులుతో మనిషి అన్నం కూడా సరిగ్గా తినలేదు.

పాతవి ఎవరి దగ్గరుంటాయో మా ఇద్దరికీ తెలుసు. కొత్తపేటలో మా బావగారు, అంటే మావారి అన్నగారు, ఒకప్పుడు పెళ్లి ఊరేగింపులకి గ్యాసులైట్లు అద్దెకిచ్చేవారు. మా అమ్మాయి పెళ్లికి అవి వద్దని మావారు జనరేటరు లైట్లు పెట్టించారు. "నా తమ్ముడి కూతురి పెళ్లికే నా లైటు పనికిరాలేదు" అని బావగారు భోజనం చెయ్యకుండా వెళ్లిపోయారు. అంతే, ఎనిమిదేళ్లు మాటల్లేవు. ఒక్కసారి వెళ్లి రండని నేను బతిమాలని పండగ లేదు. అన్నయ్యే ముందు రావాలనేవారు ఈయన. మా తోడికోడలికి ఆపరేషనైతే నేనొక్కదాన్నే బస్సెక్కి వెళ్లొచ్చాను. అలాంటి మనిషి ఒకరోజు పొద్దున్నే చొక్కా తొడుక్కుని, "కొత్తపేట వెళ్దాం, పద" అన్నారు. నాకు సంతోషం కలగలేదు, ఒళ్లు మండింది. నా మాటకి కదలని మనిషి గుడ్డముక్క కోసం కదిలారు.

బావగారు అరుగు మీద కూర్చుని కొబ్బరాకుల ఈనెలు తీస్తున్నారు. తలెత్తలేదు. మావారు క్షేమసమాచారం కూడా అడక్కుండా, "పాత మేంటిల్ ఒకటి ఉంటాదేమోనని వచ్చేనన్నయ్యా" అన్నారు. నేను తల కొట్టుకున్నాను.

"ఏం, ఆ జనరేటరోడి దగ్గర లేదేంటి?" అన్నారు బావగారు.

మావారు చెప్పులు విప్పి అరుగు కింది మెట్టు మీద కూర్చున్నారు. తర్వాత, "తప్పయిపోయిందన్నయ్యా" అన్నారు. ఎంత మెల్లగా అన్నారంటే పక్కనున్న నాకే సరిగ్గా వినపడలేదు. అన్నగారికి వినపడింది. లేచి లోపలికి వెళ్లి, ట్రంకుపెట్టెలోంచి కాగితం పొట్లం తెచ్చారు. పొట్లాన్ని మేం వెంట తెచ్చిన డబ్బా దగ్గర పెట్టగానే అది నూనెలో ఆవాలు పడ్డట్టు చిటపటలాడింది. "నా లైట్లో ఇంతుందేంట్రా!" అని బావగారు పొంగిపోయారు. చేతులు కడుక్కోండని నేను అరుస్తూనే ఉన్నాను. వినేవాళ్లెవరు?

ఆ తర్వాత బావగారు వారం వారం రావడం మొదలుపెట్టారు. సముద్రపు ఇసకలోనూ థోరియం ఉంటుందట, ఇద్దరూ అల్లవరం వైపు వెళ్లి సంచుల్లో తెచ్చి నా హాల్లో పోసి పరీక్షించారు. తుడుచుకునేది నేను. ఈమధ్య బావగారికి చెవులు బాగా మందగించాయి. డబ్బా టిక్కుమన్నప్పుడల్లా మావారు అన్నగారి మోకాలి మీద వేలితో తట్టి చెబుతున్నారు. అది చూసినప్పుడు నాకు విసుగూ దుఃఖమూ కలిసి వస్తాయి. బావగారికి అన్నీ వినపడే రోజులు ఎనిమిదేళ్లు పంతానికి పోయాయి; కాలం ఎవరి అలకా తీరేదాకా ఆగదు.