మా నాయిన తూలుతూ వచ్చిన మధ్యాహ్నం

నా చిన్నప్పుడు మా నాయిన ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ. ఎండాకాలమంతా మిర్చి బస్తాలు మోసి, ఒళ్లంతా ఆ ఘాటుతోనే ఇంటికి వచ్చేవాడు. పండుగకో పబ్బానికో కల్లు తాగేవాడు. తాగిన రోజు సందు మొదట్లోనే పాట అందుకునేవాడు. మర్నాడు వాడకట్టు పిల్లలు అదే పాట నా ముందు పాడి ఏడిపించేవారు. అందుకే ఆయన నడకను దూరం నుంచే చూసి, ఈరోజు తాగాడా లేదా అని పసిగట్టడం నాకు అలవాటైపోయింది.

ఒక ఏడు ఎండలు ముదిరాక, మిర్చిలో తాలుకాయలు ఏరే కూలికి పోయిన మా అమ్మ ఇంటికి వస్తూనే గడపలో కూలబడింది. ముఖం పాలిపోయింది. రవికె చెమటకు తడిసి ముద్దయింది. చేతులు చల్లగా ఉన్నాయి. కళ్లు తిరుగుతున్నాయని చెప్పింది కానీ, మాట మాత్రం తేటగానే ఉంది. నానమ్మ ఆమెను నీడలో పడుకోబెట్టి, కాళ్ల కింద బట్టల మూట పెట్టి, ఉప్పు వేసిన మజ్జిగ కొంచెం కొంచెంగా తాగించింది. పొద్దు వాలేసరికి అమ్మ లేచి బియ్యం కడిగింది. ఎండదెబ్బ అంటే ఇంతే కాబోలనుకున్నాను.

కొన్నాళ్లకు, మిట్టమధ్యాహ్నం, పక్కింటి అరుగు మీద గచ్చకాయలు ఆడుతుంటే మా నాయిన సందు మలుపు తిరిగాడు. తూలుతున్నాడు. ఒక కాలికి చెప్పు లేదు. గోడ పట్టుకుని, ఎవరూ లేని వైపు చూస్తూ "బస్తా దించుర్రి, బస్తా దించుర్రి" అంటున్నాడు.

"మీ నాయిన పొద్దుగూకకముందే ఏసిండే!" అని ఒక పిల్ల నవ్వింది. అరుగు మీది పెద్దవాళ్లూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన నన్ను చూసి, ఎప్పుడో చనిపోయిన మా మేనత్త పేరు పెట్టి పిలిచాడు. నేను పలకలేదు. స్తంభం చాటుకు జరిగాను. ఇంటి దాకా పోలేక ఆయన సందులోనే పడిపోయాడు. అప్పుడు కూడా నేను లేవలేదు.

దవాఖానలో నర్సుగా పనిచేసే పక్కింటి అక్క ఆ చప్పుడుకు బయటికి వచ్చింది. ఆయన మెడ మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసింది.

"కల్లు గాదు, ఏం గాదు! ఒళ్లు నిప్పోలె కాలుతాంది. నీళ్లు తేర్రి, జల్ది రిక్షా పిల్వుర్రి!"

అప్పుడు ఉరికాను. ఇంట్లోంచి మజ్జిగ గ్లాసు తెచ్చి ఆయన నోటికి పెట్టబోతే అక్క నా చెయ్యి పట్టుకుంది.

"వద్దు బిడ్డా, తెలివి లేనోనికి తాగిపిస్తే ఊపిరికి అడ్డం పడతది. మీ అమ్మది వేరే. ఆమెకు ఒళ్లు సల్లగుండె, మాట సక్కగుండె. చెమట ఉన్నా లేకున్నా, ఒళ్లు కాలి మతి తప్పిందంటే పానం మీదికొచ్చినట్టే. మీద నీళ్లు పొయ్యి, విసురు."

నవ్వినవాళ్లే బిందెలు తెచ్చారు. అంగీ విప్పి, మెడకూ చంకలకూ తడిగుడ్డలు పెట్టారు. నేను చాటతో విసిరాను. దారి పొడుగునా రిక్షాలో నీళ్లు చల్లుతూనే అక్క ఆయనను దవాఖానకు చేర్చింది.

నాయిన బతికాడు. చల్లటి నీళ్లు, చాట గాలి తప్ప ఆ మధ్యాహ్నం ఆయనకు ఇంకేమీ గుర్తులేదు. చూడవచ్చిన ప్రతివాళ్ల ముందూ నన్ను దగ్గరికి తీసుకుని, "నా బిడ్డ ఉరికొచ్చి నీళ్లు పోసింది, లేకుంటే నేను లేను" అనేవాడు. అక్క విని కూడా కాదనలేదు. నా తల మీద చెయ్యి వేసింది. ఆయన పోయేదాకా ఆ మాట చెబుతూనే ఉన్నాడు, నేను తల వంచుకుని వింటూనే ఉన్నాను.

ఇప్పటికీ ఎండాకాలంలో రోడ్డు మీద ఎవరైనా తూలుతుంటే చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు. నేను దగ్గరికి పోయి, మెడ మీద చెయ్యి పెట్టి, పేరేమిటని అడుగుతాను. ఒక్కోసారి నిజంగా తాగినవాడే అయి ఉంటాడు. నోటికొచ్చినట్టు తిడతాడు. ఆ తిట్లు పడి వస్తాను.